గూడు పొడిగా ఉంటే కోళ్లు చలికి తట్టుకుంటాయి

ప్రశ్న:

నమస్తే అండీ. మేం మిన్నియాపొలిస్ శివార్లలో ఉంటున్నాం. ఈ వేసవిలో పక్కింటివాళ్లు అరిజోనా వెళ్లిపోతూ తమ ఆరు పెట్టల్ని, చెక్క గూడుతో సహా మాకిచ్చి వెళ్లారు. మా పిల్లలిద్దరికీ అవంటే ప్రాణం. పోయిన వారం ఒక రాత్రి మైనస్ 22 డిగ్రీలకు పడిపోయింది. గూటికి ఉన్న సందులన్నీ టేపుతో, పాత దుప్పట్లతో, ప్లాస్టిక్ షీటుతో మూసేశాం. అయినా రెండు తెల్ల పెట్టలకు తల మీది ఎర్ర తురాయి కొసలు నల్లబడ్డాయి. నీళ్లు గంటలో గడ్డకడుతున్నాయి. అక్టోబరు నుంచి ఒక్క గుడ్డు లేదు. మా మావయ్యగారు తణుకు దగ్గర గుడ్ల కోళ్లు పెంచే లేయర్ ఫారంలో చాలా ఏళ్లు సూపర్‌వైజరుగా చేశారు. ఫోన్ చేస్తే "పెద్ద బల్బు వేలాడదీయండి, చుట్టూ పరదాలు దించేయండి" అన్నారు. మావారు హీట్ ల్యాంప్ కొనుక్కొచ్చారు. నాకేమో అది పెట్టాలంటే భయంగా ఉంది. గరాజ్‌లోకి తెచ్చేయాలా? లేక ఎవరికైనా ఇచ్చేయడమే మంచిదా? జనవరి ఇంకా ఘోరంగా ఉంటుందంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.

— ఒక పాఠకురాలు, మిన్నెసోటా

సమాధానం:

అమ్మా, ముందు ఒక పని చేసి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు. గూటి పైభాగంలో, కప్పుకి ఆనుకుని మీరు మూసేసిన సందుల్ని తెరవండి. కింద, కోళ్లు కూర్చునే ఎత్తులో వేసిన టేపు అలాగే ఉండనివ్వండి. పైవి మాత్రం ఈ రాత్రికే తెరవండి. హీట్ ల్యాంప్‌ని వెనక్కిచ్చేయండి.

ఇంత చలిలో గూటికి కన్నాలు తెరవమంటున్నానని మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ మీరు చేసిందే చేశాను. అప్పుడు నాకు ఐదు పెట్టలుండేవి. నవంబరులోనే గూటి చుట్టూ రెండు పొరల ప్లాస్టిక్, పైన పాత రగ్గు కప్పి, ఒక్క సందు లేకుండా బిగించాను. డిసెంబరులో ఒక తెల్లవారుజామున టార్చి పట్టుకుని తలుపు తీస్తే, కప్పు చెక్కల లోపలి వైపంతా సూదుల్లాంటి తెల్లటి మంచు. బయటికి పొడుచుకొచ్చిన ప్రతి మేకు మొన మీదా శనగగింజంత మంచు బొడిపె. ముక్కులో ఘాటు గుప్పుమని కొట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మంచు బయట నుంచి వచ్చింది కాదు. రాత్రంతా ఆ ఐదు కోళ్లు వదిలిన ఊపిరి, వేసిన రెట్టల్లోంచి లేచిన తడి, ఎటూ పోయే దారి లేక కప్పుకి పట్టేసింది. పదింటికి ఎండ కప్పు మీద పడగానే అదంతా కరిగి చుక్కలు చుక్కలుగా వాటి వీపుల మీద రాలింది. తడిసిన ఈకలతోనే ఆ రాత్రి గడపాల్సి వచ్చింది. మూడు పెట్టల తురాయిలు నల్లబడ్డాయి. ఒక పెట్ట రెండు రోజుల్లో పోయింది. వాటిని కాపాడుతున్నాననుకుని నేను చేసిన పని వల్లే అది పోయిందని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మీకు అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. మనకైతే అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన జ్వరం. ఆ వేడిని పట్టి ఉంచడానికి పై ఈకల కింద దూదిలాంటి నూగు ఉంటుంది. చలేస్తే కోడి ఈకలు ఉబ్బించి బంతిలా అవుతుంది. ఈకల మధ్య చిక్కుకున్న గాలే దానికి రజాయి. కాళ్లకు ఈకలు లేవు కదా అంటే, కాళ్లలోకి దిగే వెచ్చటి రక్తం, పైకొచ్చే చల్లటి రక్తం పక్కపక్కనే ప్రవహిస్తూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుకే పాదాలు చల్లగా ఉన్నా ఒళ్లు చల్లబడదు. ఒక కాలు పొట్ట ఈకల్లోకి లాక్కుని ఒంటికాలి మీద నిలబడటం మీరు చూసే ఉంటారు. ఆ ఏర్పాటంతా ఈకలు పొడిగా ఉన్నంతవరకే. తడిస్తే నూగు అణిగిపోతుంది, గాలి పొర పోతుంది. తురాయికీ, గడ్డం కింద వేలాడే ఎర్ర తోలుకీ ఈకలే ఉండవు కాబట్టి గూటి గాలిలో తడి పెరిగితే ముందు దెబ్బతినేవి అవే. మీ తెల్ల పెట్టలకు జరిగింది అదే.

మావయ్యగారి మాట తప్పని అనుకోవద్దు. ఆయన అనుభవం అక్కడికి సరిపోతుంది. ఫారంలో బల్బు పెట్టేది ఒంటి మీద సరైన ఈకలు లేని పిల్లలకు, వాటిని వెచ్చగా ఉంచే బ్రూడర్‌లో, మొదటి కొన్ని వారాలు. మీవి నిండా ఈకలున్న పెద్ద పెట్టలు. ఇక పరదాల సంగతి. అక్కడి షెడ్లకు రెండు పక్కలా గోడ ఉండదు, జాలీయే. పరదా దించినా గాలి ఏదో ఒక దారిన తిరుగుతూనే ఉంటుంది. అయినా చలికాలంలో పరదాలు పూర్తిగా దించి మర్చిపోతే పొద్దున్నే షెడ్డులోకి అడుగుపెట్టినవాళ్ల కళ్లు మండుతాయని ఆయనకు మీకంటే, నాకంటే బాగా తెలుసు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "అమ్మోనియా ఘాటు వస్తే మీరేం చేసేవారు మావయ్యగారూ?" అని అడిగి చూడండి. "పరదా పైకెత్తేవాళ్లం" అనే అంటారు. మీరిప్పుడు చేయాల్సిందీ అదే. లంబసింగిలో సున్నాకి దగ్గరైతే మనవైపు టీవీల్లో వార్త. అలాంటి చోట నుంచి మైనస్ 22 అని వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, అందుకే ఆయన బల్బు మాట అన్నారు.

మన పాత ఇళ్లలో గోడలకు పైన, కప్పు దగ్గర వెంటిలేటర్లు ఉండేవి గుర్తున్నాయా? గూటికి కావాల్సినవి సరిగ్గా అవే. వెచ్చటి తడి గాలి పైకి లేస్తుంది, అక్కడి నుంచి బయటికి పోవాలి. కోళ్లు కూర్చునే చోటుకు కనీసం ఒక అడుగు పైన, ఎదురెదురు గోడల్లో, జానెడు ఎత్తు, రెండడుగుల పొడవున రెండు కిటికీలు మీ ఆరు పెట్టలకు మొదలుపెట్టడానికి చాలు. వాటికి అరంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ బిగించండి. కోళ్ల జాలీ పేరుతో అమ్మే పలచటి షట్కోణాల తీగ పనికిరాదు. చూడటానికి ముంగిసలా ఉండే వీజిల్ అనే చిన్న జంతువు ఇక్కడ చలికాలంలోనూ వేటాడుతుంది, అది అంగుళం సందులోంచి కూడా దూరిపోతుంది. ఇక కూర్చునే చోట గాలి విసురు తగులుతోందో లేదో తెలుసుకోవడానికి టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి అడ్డకర్రకు కట్టండి. కోడి తల ఎత్తులో అది కదలకూడదు, కిటికీ దగ్గర కదలాలి. పొద్దున్న తలుపు తీయగానే మీ ముక్కుని కోడి ఎత్తుకి వంచి వాసన చూడండి. మనం నిలబడ్డ ఎత్తులో తెలియని ఘాటు అక్కడ తెలుస్తుంది. ఘాటున్నా, లోపలి వైపు మంచు పట్టినా కిటికీలు ఇంకా తెరవాలి. గూట్లో చలి బయటంతే ఉన్నా పర్వాలేదు, కప్పు మాత్రం పొడిగా ఉండాలి.

ఇక ఆ హీట్ ల్యాంప్. 250 వాట్ల బల్బు, కింద ఎండిన చెక్క పొట్టు, గాలినిండా ఈకల దుమ్ము. క్లిప్పు జారినా, కోడి ఎగిరి తగిలినా, వైరు ఎలుక కొరికినా గూడు నిమిషాల్లో అంటుకుంటుంది. ఇంటి గోడకు ఆనుకుని గూడు ఉంటే ప్రమాదం ఇంటిదాకా వస్తుంది. మీ భయంలో న్యాయం ఉంది, దాన్ని వదులుకోవద్దు. ఇంకో సంగతి కూడా ఉంది. సెప్టెంబరు నుంచి చలి మెల్లమెల్లగా పెరుగుతూ వస్తే కోళ్లు దానికి అలవాటుపడతాయి. రోజూ వెచ్చగా ఉంచి, మంచు తుఫానులో కరెంటు పోయిన రాత్రి ఒక్కసారిగా మైనస్ 25లోకి వదిలితే తట్టుకోలేవు. మరీ ముసలి పెట్టో, జబ్బు నుంచి కోలుకుంటున్నదో ఉంటే, గోడకు స్క్రూలతో బిగించే చదును హీటర్ ప్యానెళ్లు కోళ్ల కోసమే తయారైనవి దొరుకుతాయి. అవి బల్బులా నిప్పంత వేడెక్కవు. మీ ఆరింటికి అదీ అక్కర్లేదు.

గూట్లో నేల మీద ఏం పరిచారో మీరు రాయలేదు. మనవైపు వరి ఊక వేస్తారు. ఇక్కడ పైన్ చెక్క చిత్రిక పొట్టు మూటలుగా దొరుకుతుంది, అది వేయండి. దేవదారు జాతి సీడర్ పొట్టు మాత్రం వద్దు, దాని ఘాటు కోళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు. జానెడు మందాన పరచండి. సాయంత్రం గుప్పెడు మొక్కజొన్న నూక దాని మీద చల్లితే కోళ్లే కాళ్లతో గీరి తిరగేస్తాయి, రెట్ట కిందికి పోయి పొడి పైకొస్తుంది. రాత్రిపూట రెట్టలన్నీ కూర్చునే చోట కిందే పడతాయి కాబట్టి అక్కడ ఒక పలక అమర్చి, పొద్దున్నే పారతో ఎత్తేయండి. ఈ చలికి అవి రాళ్లలా గట్టిపడి ఉంటాయి, రెండు నిమిషాల పని. ఈ ఒక్క అలవాటుతోనే గూట్లో తడి సగానికి సగం తగ్గినట్టు నాకు అనిపించింది.

అడ్డకర్ర గుండ్రంగా ఉంటే మార్చండి. బిల్డింగ్ సామాన్ల షాపులో టూ బై ఫోర్ అని దొరికే చెక్కని వెడల్పు వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి బిగిస్తే, కోడి కూర్చున్నప్పుడు వేళ్లు పూర్తిగా పొట్ట ఈకల కిందికి వస్తాయి. గుండ్రటి కర్రను చుట్టి పట్టుకున్న వేళ్లకు కింది వైపు ఏ కప్పూ ఉండదు. ఇనుప పైపు అసలు వద్దు. గోడలకు థర్మాకోల్ పెట్టాలనిపిస్తే పైన ప్లైవుడ్ కొట్టి దాచేయండి, లేకపోతే కోళ్లు పొడిచి పొడిచి తినేస్తాయి.

నల్లబడ్డ తురాయి కొసల్ని ఏమీ చేయకండి. రుద్దకండి, వేడినీళ్ల గుడ్డ వేయకండి, కత్తిరించకండి. మొదట పాలిపోయి, తర్వాత వాచి, ఆ తర్వాత నల్లగా ఎండుతుంది. కొన్ని వారాల్లో ఆ ముక్క దానంతటదే రాలిపోతుంది. అప్పటిదాకా ఆ నల్ల భాగం కింద ఉన్న మంచి తోలుకి అది కట్టులాంటిది. పక్క కోళ్లు దాన్ని పొడుస్తున్నాయేమో మాత్రం గమనించండి. వాపు తగ్గకుండా తడిగా ఉన్నా, చెడు వాసన వచ్చినా, కోడి మేత మానేసినా వెటర్నరీ డాక్టరుకు చూపించాలి. వాజెలిన్ రాయమని చాలామంది చెబుతారు. తడి గూట్లో అది నాకు ఏమాత్రం పనిచేయలేదు. పొడి గూట్లో దాని అవసరమే రాలేదు.

మీ రాత చూస్తే ఆ రెండూ వైట్ లెగ్‌హార్న్‌లు అయ్యుంటాయి. మధ్యధరా సముద్రపు ఎండల్లో, ఇటలీలో పుట్టిన జాతి. వేడిని బయటికి పంపడానికి వాటికి పెద్ద తురాయి ఉంటుంది. గుడ్ల కోసం మన ఫారాల్లో పెంచే తెల్ల కోళ్లకు కూడా అదే మూలం, మావయ్యగారు జీవితమంతా చూసిన కోళ్లు ఇవే. ఇక్కడి జనవరికి అవి కొంచెం ఇబ్బంది పడతాయి, మిగతా నాలుగింటికంటే వాటి మీద ఎక్కువ కన్నేసి ఉంచండి. ఎప్పుడైనా కొత్త పిల్లల్ని తెచ్చుకుంటే వ్యాన్‌డాట్ లాంటి, తలకు అతుక్కుని ఉండే తురాయి జాతిని అడగండి. కెనడాలో క్యుబెక్‌లోని ఓకాలో బ్రదర్ విల్ఫ్రిడ్ అనే క్రైస్తవ సన్యాసి గత శతాబ్దం మొదట్లో సరిగ్గా ఈ ఇబ్బంది కోసమే షాంటెక్లేర్ అనే జాతిని తయారుచేశారు. తురాయి, గడ్డం తోలు దాదాపు లేనంత చిన్నవి. 1921లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ దాన్ని జాతిగా గుర్తించింది. మన ఆసీల్‌కి కూడా తురాయి చిన్నదే కదా అని మొన్న ఒకాయన అడిగారు. తురాయి చిన్నదే, కాని ఈకలు పలచగా, బిగుతుగా ఉంటాయి, లోపల నూగు తక్కువ. పందెపు కోడికి పనికొచ్చే ఆ ఒళ్లు మంచుకి పనికిరాదు.

చలికాలంలో మీ రోజువారీ పనిలో పెద్ద భాగం నీళ్లే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెట్ట రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది. నీళ్లు లేకపోతే మేత తినదు, మేత లేకపోతే ఒంట్లో వేడి పుట్టదు. గడ్డకట్టిన గిన్నె ముందు నిలబడ్డ కోడికి చలి రెండింతలు. కింద వేడి పలక ఉండే హీటెడ్ వాటరర్ కొనండి, ఈ సీజన్‌లో మీరు పెట్టే డబ్బులో దీనికి పెట్టేదే అన్నిటికంటే సార్థకం. కుక్కల కోసం అమ్మే వెడల్పు గిన్నె లెగ్‌హార్న్‌లకు వద్దు. తల వంచి తాగుతుంటే గడ్డం తోలు నీళ్లలో మునుగుతుంది, బయటికి రాగానే గడ్డకడుతుంది. ముక్కుతో పొడిస్తే నీళ్లు వచ్చే చిన్న నిపుల్స్ పక్కన ఉన్నదో, అంచు సన్నగా ఉన్నదో చూసుకోండి. వైరు బయట వాడటానికి తగినది అయ్యుండాలి. తడి తగిలితే వెంటనే కరెంటు ఆపేసే జీఎఫ్‌సీఐ సాకెట్‌కే పెట్టండి. కరెంటు వద్దనుకుంటే నల్లటి రబ్బరు గిన్నెలు రెండు తెచ్చుకోండి. ఒకటి ఇంట్లో, ఒకటి బయట. పొద్దున్న, మధ్యాహ్నం, చీకటి పడకముందు మార్చండి. గడ్డకట్టిన గిన్నెను బోర్లించి మడమతో ఒక్కటి తొక్కితే రబ్బరు వంగి మంచు దిమ్మ ఊడి పడుతుంది, పిల్లలకు ఈ పని భలే ఇష్టంగా ఉంటుంది. చీకట్లో కోళ్లు నీళ్లు తాగవు. అందుకని రాత్రి గూట్లో నీళ్లు ఉంచకండి. ఒక తడి తగ్గుతుంది.

మేత మామూలుగా తినే లేయర్ ఫీడే. చలిలో కాస్త ఎక్కువ తింటాయి, తిననివ్వండి. పడుకునే ముందు ఒక్కో కోడికి చిన్న గుప్పెడు మొక్కజొన్న వేస్తే మెడ కింద ఉండే మేత సంచి నిండుగా రాత్రంతా అరుగుతూ ఉంటుంది. అంతకు మించితే కొవ్వు పడుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి. మనింట్లో మిగిలిన అన్నం కొంచెం వేయొచ్చు. ఉప్పు, నూనె, కారం కలిసినవి, పచ్చళ్లు, అవకాడో, ఉడకని చిక్కుడు గింజలు వేయొద్దు. వేడి జావలాంటిది పెడితే పావుగంటలో అయిపోయేంతే పెట్టి, గిన్నె తీసేయండి. మంచు కప్పేసిన నేలలో వాటికి రాళ్లు దొరకవు. గింజలు అరగడానికి కావాల్సిన సన్న రాళ్లు గ్రిట్ పేరుతో షాపులో దొరుకుతాయి, ఒక చిన్న గిన్నెలో విడిగా పెట్టండి. మేత మూటను మూత ఉన్న ఇనుప డబ్బాలో పోయండి, చలికి ఎలుకలు ముందు వచ్చేది అక్కడికే.

గుడ్లు లేవని మీరు పడుతున్న బాధ తీసేయొచ్చు. అక్టోబరులో మీ గూట్లో ఈకలు కుప్పలుగా రాలి ఉండాలి, అవునా? ఏడాది దాటిన పెట్ట శరదృతువులో పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. ఆ పనికి ఒంట్లోని మాంసకృత్తులన్నీ పోతాయి, గుడ్డుకి మిగలవు. ఆపైన పగలు కుదించుకుపోతుంది. డిసెంబరు మూడో వారంలో మిన్నియాపొలిస్‌లో పగటి వెలుతురు తొమ్మిది గంటలు కూడా ఉండదు. గుడ్డు పెట్టమని కోడికి చెప్పేది వెలుతురే, అది రోజుకు 14 గంటలు ఉంటే బాగా పెడుతుంది. టైమర్ పెట్టి తెల్లవారుజామున చిన్న ఎల్‌ఈడీ దీపం వెలిగించేవాళ్లున్నారు, తప్పేం లేదు. నేను పెట్టను. ఈ మూడు నెలలు వాటి ఒంటికి విశ్రాంతి అనుకుంటాను. ఫిబ్రవరి చివర్లో ఒక రోజు గంపలో చేయి పెడితే వెచ్చగా గుడ్డు తగులుతుంది. ఈలోగా ఏదైనా పెట్టినా త్వరగా తీసేయండి, గడ్డకడితే పెంకు పగులుతుంది. పగిలినది తినొద్దు.

గరాజ్ వద్దు. కారు పొగ, దుమ్ము, పిల్లలు తిరిగే చోట రెట్టలు, అన్నిటికీ మించి వెచ్చగా అలవాటయ్యాక మళ్లీ బయటికి పంపలేరు. తూగుతున్న కోడికి మాత్రం ఇది వర్తించదు. చలికి ఈకలు ఉబ్బించిన కోడికీ, జబ్బు చేసి ఉబ్బించిన కోడికీ తేడా మొక్కజొన్న గింజలు చల్లితే తెలుస్తుంది. మొదటిది పరుగెత్తుకొస్తుంది. రెండోది కళ్లు మూసుకుని, రెక్కలు వేలాడేసి, తోక కిందికి దించి ఒక మూల నిలబడుతుంది. అలాంటిదాన్ని కుక్క బోనులో పెట్టి, ఇంట్లో కాస్త చల్లగా ఉండే మూలలో ఉంచి, డాక్టరుకు చూపించండి. బాగయ్యాక ఒక్కసారిగా కాకుండా, పగటిపూట కాసేపు చొప్పున మళ్లీ అలవాటు చేసి వదలండి. ఒకే రోజు రెండు మూడు చనిపోతే అది చలి కాదనుకోండి. ఈ దేశంలో 2022 నుంచి అడవి బాతుల ద్వారా బర్డ్ ఫ్లూ పెరటి కోళ్లకూ అంటుతోంది. చేతితో ముట్టకుండా మిన్నెసోటా బోర్డ్ ఆఫ్ యానిమల్ హెల్త్‌కి ఫోన్ చేయండి. గూటి దగ్గరికి వెళ్లడానికి ఒక జత బూట్లు విడిగా పెట్టుకోండి. పిల్లలు కోళ్లను ఎత్తుకుని ముద్దులాడితే చేతులు సబ్బుతో కడిగించండి, ముఖానికి దగ్గరగా పెట్టుకోనివ్వకండి. కోడి ఆరోగ్యంగా కనిపించినా, మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి దాని దగ్గర ఉండొచ్చు.

మంచు మీద అడుగు పెట్టడానికి కోళ్లు ఇష్టపడవు. దొడ్డిలో ఎండుగడ్డి దారిలా పరిస్తే దాని మీద నడుచుకుంటూ వస్తాయి. వాయవ్యం నుంచి కొట్టే గాలికి అడ్డంగా దొడ్డి జాలీకి ఆ వైపు మాత్రం పారదర్శకమైన ప్లాస్టిక్ కట్టండి. మీరు గూటికి కట్టిన షీటు తీసి ఇక్కడ వాడొచ్చు. ఎండ లోపలికి పడుతుంది, గాలి పడదు. రోజంతా గూట్లో కూర్చోబెట్టకండి. ఊసుపోక ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఒక క్యాబేజీని తాడుతో వేలాడదీయండి.

జనవరి సంగతి అడిగారు. 2019 జనవరి 30న మిన్నియాపొలిస్‌లో మైనస్ 33కి పడింది. గాలితో కలిపి మైనస్ 48లా అనిపించిందన్నారు. అప్పటికి నాకు ఏడు పెట్టలు, పైన రెండు కిటికీలు తెరిచే ఉన్నాయి. ముందు రోజు పొట్టు మీద మరో జానెడు ఎండుగడ్డి వేశాను, సాయంత్రం మొక్కజొన్న రెట్టింపు వేశాను, దొడ్డిలోకి వెళ్లే చిన్న తలుపు మూసేశాను. రాత్రి నిద్రపట్టక రెండుసార్లు వెళ్లి చూశాను. ఏడూ ఒకదానికొకటి ఆనుకుని ఒకే చెక్క మీద, తలలు రెక్కల కింద పెట్టుకుని. మధ్యలో ఉన్నదాని రెక్క కింద గ్లవ్ తీసేసి వేళ్లు పెట్టాను. కుంపటి దగ్గర పెట్టినంత వెచ్చగా ఉంది. విసుక్కుంటూ ఒక చిన్న కూత కూసి మళ్లీ పడుకుంది. కప్పు మీద మంచు సూదులు లేవు. పొద్దున్న ఏడూ దిగి నీళ్ల దగ్గరికి వచ్చాయి. ఒక్క లెగ్‌హార్న్‌కి తురాయి చివర చిన్న మచ్చ పడింది, అంతే.

ఇచ్చేయాలా అని అడిగారు కదా. తుఫాను రాత్రి వాటి గురించి నిద్రపోని మనిషి దగ్గర అవి బాగానే ఉంటాయి, ఇచ్చేయకండి. పై కిటికీలు తెరిచాక నాలుగు రోజులు చూడండి. పొద్దున్నే, ఎండ రాకముందు, టార్చి వేసి కప్పు లోపలి వైపు ఫోటో తీసి పంపండి. మేకు మొనల మీద ఇంకా తెల్లగా కనిపిస్తే కిటికీ ఎంత పెంచాలో చెబుతాను. ఆ ఫోటో మావయ్యగారికి కూడా పంపండి.